పెన్సిలు గుర్తు

"యూరప్‌లో నీకు ఏ ఊరు చూడాలనుంది?" అని మా ఆయన అడిగినప్పుడు నేను పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని మినప్పప్పు పొట్టు కడుగుతున్నాను. ముందు పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నారు, పైగా నవ్వుతున్నారు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన నన్ను తువ్వాలు ఎక్కడుందని అడిగారు, కాఫీ ఏమైందని అడిగారు, నీకు బుద్ధుందా అని చాలాసార్లు అడిగారు. నీకేం కావాలని మాత్రం అడగలేదు. భవానీపురంలో ఈ ఇల్లు కట్టినప్పుడు వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో కూడా తాపీమేస్త్రీనే అడిగారు. ఆ గట్టు దగ్గర మునివేళ్ల మీద నిలబడి వండుతున్నదాన్ని నేను. అలాంటి మనిషి పొద్దున్నే వచ్చి యూరప్‌లో ఊరు ఎంచుకోమంటే నాకు సంతోషం కలగలేదు. దీని వెనక ఏముందా అనిపించింది.

సంగతేమిటంటే, మేము అమ్మేది పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు. ఆ కంపెనీకి యూరప్‌వాళ్లతో పొత్తు ఉంది. డెబ్బైనాలుగులో ఎక్కువ స్ప్రేయర్లు అమ్మిన డీలర్లని, తోడుగా మరొకరిని, మార్చి మొదటివారంలో ఎనిమిది రోజులు అక్కడికి తీసుకెళతామన్నారు. పాస్‌పోర్టు దగ్గర్నుంచి అన్నీ కంపెనీయే చూసుకుంటుందట. వన్ టౌన్‌లో మా షాపుకి ఆ అవకాశం వచ్చింది. షాపు పేరు శ్రీ త్రిపురసుందరి ఏజెన్సీస్. బోర్డు చూసినవాళ్లంతా అమ్మవారి పేరనుకుని దణ్ణం కూడా పెడతారు. అది నా పేరు. షాపు పెట్టేనాటికి మా ఆయన గవర్నమెంటు ఉద్యోగంలో ఉండేవారు. ఆయన పేర వ్యాపారం ఉండకూడదు కనుక నా పేర పెట్టారు. తర్వాత ఉద్యోగం మానేసినా పేరు మార్చలేదు. కాబట్టి కాగితాల ప్రకారం డీలర్ని నేను.

ఆ డీలరు షాపు గడప తొక్కింది పూజలప్పుడు మూడుసార్లు. మిగతా రోజుల్లో డీలరు పని ఇంట్లోనే. పదకొండింటికల్లా షాపుకి రెండు క్యారియర్లు వెళ్లాలి, ఒకటి ఆయనకి, ఒకటి మా మరిది భానుమూర్తికి. కంపెనీ మనుషులెవరొచ్చినా భోజనం మా ఇంట్లోనే. మద్రాసు నుంచి వచ్చే కాశీరావుగారైతే, నేను వడ్డిస్తుండగానే, "మీ మిసెస్ మజ్జిగపులుసు కోసమే బెజవాడ టూరు వేసుకుంటానండీ" అని మా ఆయనతో అంటారు. మా ఆయన తనే వండినంత గర్వంగా నవ్వుతారు. వారానికోసారి కాగితాల కట్ట ఇంటికొస్తుంది. సంతకం పెట్టాల్సినచోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తుంటుంది. కాగితం పైభాగం మీద మా ఆయన అరచెయ్యి ఉంటుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు "ఇందులో ఏం రాసుందండీ?" అన్నాను. "మామూలు కాగితమే. చదవడానికేముంది?" అన్నారు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. ఫస్టుక్లాసులో పాసయ్యాను. ఇంగ్లీషులో మా స్కూలు మొత్తానికి మొదటి మార్కు నాది. ఆ సంగతి ఆయన మరిచిపోయారు. నిజం చెప్పాలంటే నేనూ మరిచిపోయాను.

ఈసారి కాగితం తేడా. రోమ్, పారిస్, వియన్నా, ఆమ్‌స్టర్‌డామ్, ఈ నాలుగింటిలో ఒక ఊరు ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో డీలరు తన దస్తూరీతో నాలుగు వాక్యాలు రాయాలి. తెలుగైనా ఫరవాలేదట. అందుకన్నమాట అడగడం, అనుకున్నాను. అనుమానం సగం తీరింది. మిగతా సగం తీరలేదు. ఏ ఊరో ఆయనే చెప్పి, చూసి రాయమనొచ్చు కదా? "నీ ఇష్టం, బాగా ఆలోచించుకో" అనడమెందుకు?

అయినా ఆలోచించాను. మా గోడవతల తెరేసమ్మగారని ఆడపిల్లల స్కూల్లో జాగ్రఫీ టీచరు ఉంటారు. ఆవిణ్ణి అడిగితే గోడమీంచి అట్లాసు అందించారు. "మార్చిలో రోమ్‌లో ఎండ వచ్చేస్తుందండీ. వియన్నాలో ఇంకా బాగా చలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గాలి, చెట్లకి ఆకులుండవు, పువ్వులు మాత్రం నేలలోంచి అప్పుడప్పుడే వస్తుంటాయి. ఊరంతా కాలవలే" అన్నారు. "మీరు చూశారా?" అన్నాను. "నేనా! ఇరవై రెండేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను, అంతే" అని నవ్వారు.

మా పుట్టిల్లు బందరు కాలవ గట్టున. మా మెట్ల మీద కూర్చుని పడవలు లెక్కపెట్టడం నా చిన్నప్పటి ఆట. వేసవిలో కాలవ కట్టేస్తే అడుగున బురద, పగిలిన కుండలు, చచ్చిన చేపలు కనిపించేవి. అప్పుడు నాకు ఏడుపొచ్చేది. ఏడాది పొడుగునా కాలవల్లో నీళ్లుండే ఊరు ఒకటుందంటే చూడాలనిపించింది. "మా ఊళ్లో వేసవికి కాలవ కట్టేసేవారు. కట్టెయ్యని కాలవ పక్కన ఒకరోజు నడవాలనుంది" అని రాశాను. అడిగింది నాలుగు వాక్యాలు. నాకు రెండే వచ్చాయి.

"కాలవలు చూడ్డానికి యూరపా? మన బెజవాడలో లేవా?" అన్నారు మా ఆయన. ఇక వద్దంటారు అనుకున్నాను. కానీ, "సరే, నీ ఇష్టం" అన్నారు. అక్కడే నాకు మళ్లీ అనుమానం మొదలైంది. అన్నం తింటున్న భానుమూర్తి, "రోమ్ అయితే బాగుండేది వదినా" అన్నాడు. మా ఆయన అతనివంక ఒక్క చూపు చూశారు. అతను తల వంచుకుని చారు జుర్రుకున్నాడు. నేను ఏ ఊరెళితే ఇతనికేం?

ఆ మర్నాటి నుంచి మా అత్తగారు సీతారావమ్మగారికి నా ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది. "అమ్మాయ్, నీకు ఆయాసం కదూ, ఆ బిందె ఎత్తకు" అంటారు. ఎత్తకుండా నీళ్లెలా వస్తాయో చెప్పరు. ఇంటికొచ్చిన వాళ్లందరితో, "మా కోడలికి చలి పడదండీ, ఉబ్బసం మనిషి" అంటున్నారు. నాలుగేళ్ల కిందట ఒక వానాకాలంలో నాకు దగ్గొచ్చింది. అప్పుడు ఆవిడే, "ఇదంతా పని ఎగ్గొట్టడానికి" అన్నారు. ఆ దగ్గు ఇప్పుడు ఉబ్బసం అయింది. తర్వాత స్వెట్టర్లు వచ్చాయి. చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే టిబెట్టువాళ్ల దగ్గర మా ఆయన రెండు కొన్నారు, ఒకటి బూడిదరంగు, ఒకటి ముదురు గోధుమరంగు. మడతలు విప్పి చూస్తే రెండూ మగవాళ్లవే. "నాకేదండీ?" అన్నాను. "ఆడవాళ్లవి అయిపోయాయిట. నీకు తర్వాత చూద్దాం" అన్నారు. గోధుమరంగుది భానుమూర్తి భుజాలకి సరిగ్గా సరిపోతుందని నాకు టేపు పెట్టి కొలవకుండానే తెలిసింది. అతని చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసేది నేనే కదా.

శుక్రవారం మధ్యాహ్నం కాగితాల కట్ట వచ్చింది. మర్నాడు కాశీరావుగారు భోజనానికొచ్చి, ఊరు ఎంచుకున్న ఫారంతో పాటు అవీ పట్టుకెళతారట. "చేతులు తుడుచుకో" అని మా ఆయన అరచెయ్యి మొదటి కాగితం మీద పెట్టారో లేదో, షాపు దగ్గర లారీ దిగిందని కబురొచ్చింది. "అన్నీ పెట్టి ఉంచు" అని హడావుడిగా వెళ్లిపోయారు. చెయ్యి లేని కాగితాన్ని చూడటం అదే మొదటిసారి. మొదటి మూడూ నిజంగా మామూలు కాగితాలే. నాలుగోది ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. వేలు పెట్టుకుని మెల్లగా చదివాను. దీర్ఘకాలంగా ఉబ్బసంతో బాధపడుతున్నందువల్ల నేను ప్రయాణం చేయలేనట. నా బదులు నా భర్త అచ్యుతరామారావుని, ఆయన తమ్ముడు భానుమూర్తిని పంపవలసిందిగా నా అంతట నేనే కోరుతున్నానట. కింద నా పేరు, పక్కన పెన్సిలు ఇంటూ. పైన తేదీ చూశాను. జనవరి తొమ్మిది. ఆయన పెరటి గుమ్మంలో నిలబడి ఏ ఊరు చూడాలనుందని నన్నడిగింది పన్నెండున. అంటే ఆ పొద్దున ఆయన నవ్వుతుండేటప్పటికే ఈ ఉత్తరం సిద్ధంగా ఉంది.

నాకు చాలా కోపం వచ్చింది. యూరప్ పోయినందుకు కాదు, యూరప్ నాకు పదిహేను రోజుల కిందటి దాకా లేదు. నేను రాసిన రెండు వాక్యాలు పట్టుకుని ఈ అన్నదమ్ములు నా కాలవ పక్కన నడుద్దామనుకున్నారే, అందుకు. ఇంకో మాట చెప్పాలి. "నువ్వు మానుకో, భానుమూర్తి వస్తాడు" అని తిన్నగా అడిగితే సరే అనేదాన్నేమో. అడిగితే ఇచ్చేసేదాన్ని. అది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అడగక్కర్లేదు, చెయ్యి అడ్డం పెడితే చాలు అనుకున్నారు చూడండి, అదే నన్ను మేలుకొలిపింది.

ఆ ఉత్తరాన్ని మడిచి తెరేసమ్మగారి అట్లాసులో హాలండు పేజీలో పెట్టాను. మిగతావాటికి సంతకాలు చేశాను. సాయంత్రం ఆయనొచ్చి "అన్నీ పెట్టావా?" అన్నారు. "పెట్టాను" అన్నాను. చూసుకోకుండా కట్టని సంచీలో వేసుకున్నారు. నన్ను అనుమానించే అలవాటు ఆయనకి లేదు. అనుమానించాల్సినంత మనిషినని ఎప్పుడూ అనుకోలేదు. ఊరు ఎంచుకున్న ఫారం మాత్రం నా దగ్గరే ఉంది. దాని వెనకవైపు తోడు వచ్చేవారి పేరు రాసే గడి ఉంది. డీలరు ఎంచుకున్న ఊరికి డీలరు వెంట వెళ్లడానికి సమ్మతమేనని వాళ్లు సంతకం పెట్టాలి. ఆ గడి ఖాళీగా వదిలేద్దామా అని పప్పు రుబ్బినంతసేపూ ఆలోచించాను. పేరు రాశాను.

శనివారం గారెలు, మజ్జిగపులుసు. కాశీరావుగారు మూడోసారి పులుసు వేయించుకున్నారు. చేతులు కడుక్కుని హాల్లో కూర్చున్నాక మా ఆయన సంచీ విప్పుతూ, "మా ఆవిడకి ఒంట్లో బాగుండదండీ. విమానం అంటే కష్టం. దానికి వేరే లెటరు పెట్టాం" అని కాగితాలు తిరగేశారు. ఒకసారి తిరగేశారు, రెండోసారి తిరగేశారు. భానుమూర్తి మెడ చాచి చూస్తున్నాడు. మా అత్తగారు తలుపు దగ్గర నుంచి, "ఉబ్బసం నాయనా, రాత్రిళ్లు పడుకోదు" అన్నారు.

నేను చెయ్యి తుడుచుకుని వెళ్లి ఫారం కాశీరావుగారి చేతిలో పెట్టాను. "నాకు ఉబ్బసం లేదండీ. నాలుగేళ్ల కిందట ఓసారి దగ్గొచ్చింది. నా దస్తూరీతోనే రాశాను, చూడండి" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ రెండు వాక్యాలూ చదివారు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో తింటున్న మనిషి, మొదటిసారి నా మొహం చూసి, "బాగా రాశారమ్మా" అన్నారు. "ఇందులో తోడు వచ్చేవాళ్ల సంతకం ఒకటి కావాలే."

"ఆయన పేరే రాశానండీ" అని ఫారం తీసుకుని, వెనక్కి తిప్పి మా ఆయన ముందున్న స్టూలు మీద పెట్టాను, పెన్ను పక్కన పెట్టాను. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పొద్దున్నే పెట్టి ఉంచాను. ఆయన కాగితాన్ని దగ్గరికి లాక్కుని చదవబోయారు. నేను ఫారం పైభాగం మీద నా అరచెయ్యి ఆనించాను.

"మామూలు కాగితమేనండీ" అన్నాను. "చదవడానికేముంది?"