చెరిపేసిన నాలుగు

నందకిశోర్ సారు పేపరు అచ్చుకు ఎంపికైందని మిఠాయి డబ్బా పట్టుకుని శాలిబండలోని వాగ్దేవి ఇంటికి వచ్చేసరికి ఆమె కుతకుత ఉడికిపోతోంది. ఐదేళ్లుగా ఆమె పీహెచ్‌డీ ఆయన దగ్గరే. ఒకే క్వాంటం స్థితికి వరసగా ఎన్నో పరీక్షలు పెడితే మొత్తం తప్పు ఎంతకు మించదో చెప్పే పేపరు ఇద్దరూ కలిసి రాశారు. విడివిడి తప్పులన్నీ కూడి, నాలుగు రెట్లు చేయాలని ఆమె రాసింది. అచ్చుకు వెళ్లే ముందు, ఒక్క మాటైనా చెప్పకుండా, ఆ నాలుగును ఆయన చెరిపేశాడు.

"నాలుగెందుకు తీసిన్రు సార్?"

"ఏందమ్మా లొల్లి? ఉత్తగ కూడితే సరిపోతది. హద్దు ఎంత చిన్నగుంటే పేపరుకు అంత పేరు."

కూడితే సరిపోతుందట! కొలిచాక స్థితి మునుపటిలా ఉండదని మొదటి క్లాసులో బల్ల గుద్ది చెప్పింది ఈ మహానుభావుడే.

"రెండే పరీక్షలు వెట్టుండ్రి సార్. ఒకటి స్థితికి జర ఎడమకు ఒరిగింది, ఇంకోటి అంతే కుడికి. విడిగా చూస్తే రెండిట్ల వందకు ఒక్కో తప్పే. కానీ మొదటిది స్థితిని తన దిక్కు గుంజుకుంటది. ఆడికెల్లి రెండోదానికి దూరం డబల్ అయితది, దాని తప్పు నాలుగు దాకా పోతది. మొత్తం ఐదుకు దగ్గర. మీ లెక్కల రెండే!"

సారు కిటికీ వైపు చూశాడు. "నాకు తెల్వదా? గంత లోతుకు ఎవరు చూస్తరు? ఇప్పుడు కాదంటే నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

తెలిసే చేశాడు! ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ తీసి, ఆయన కళ్లముందే, పేపరులో తప్పుంది, ఆపండని పత్రికవాళ్లకు మెయిల్ కొట్టింది.

సారు విసురుగా మెట్లు దిగాడు. గుడిలో రోజూ కూతురి పేరున అర్చన చేసే ఆమె తండ్రి రంగనాథ్ లోపలి గదిలోంచి వచ్చి సారు వెనకే పరుగెత్తాడు. వాగ్దేవి కిటికీలోంచి చూసేసరికి, నడిరోడ్డు మీద, ఆటోల మధ్య, నాన్న సారు కాళ్ల మీదికి వంగుతున్నాడు.

చెప్పులైనా వేసుకోకుండా ఉరికి తండ్రి రెక్క పట్టి లేపింది.

"లే నాన్నా! తప్పు ఆయనది. నువ్వెందుకు వంగుతవ్?"

"నీ ఐదేండ్లు బిడ్డా..."

"పోనీ!" గొంతు పగిలేలా అరిచింది. జనం ఆగి చూశారు. "అబద్ధం మీద నా పేరుండొద్దు!"

సారు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. నాన్న రోడ్డు మీదే ఏడుస్తున్నాడు. ఆమెకు నాన్న మీద కూడా కోపమొచ్చింది. పట్టుకున్న రెక్క మాత్రం వదల్లేదు.