ముసలి రాజు తల

తెల్లారేసరికి గోడమీద ముసలి రాజుకు తల లేదు.

గుర్రం ఉంది. జరీ అంగీ ఉంది. కళ్లెం పట్టుకున్న చేతులున్నాయి. మెడ పైన మాత్రం ఎవరో ఉలితో చెక్కేసిన గుంట, అందులోంచి తొంగిచూస్తున్న ఇటుక.

బాల యేసును చూడ్డానికి ముగ్గురు రాజులు బెత్లెహేముకు కదిలే ఊరేగింపు బొమ్మ అది. ఫ్లోరెన్సులో లాపో అయ్యగారు తన ఇంటి ప్రార్థన మందిరంలో నాచేత వేయిస్తున్నాడు. ముఖాలన్నీ ఇంటివాళ్లవే. కుర్ర రాజు ఆయన కొడుకు, నడివయసు రాజు ఆయనే, ముసలి రాజు ఆయన తండ్రి ఉగొలీనో. మధ్యాహ్నం బిషప్ వచ్చి దీవించాలి. తల లేని రాజును ఆయన దీవించడు. ఆ తర్వాత లాపో నన్ను ఊళ్లో ఉండనివ్వడు.

"నూతో, ఇది బిందోగాడి పనే. బొమ్మలో గాడిద పక్కన నిలబెట్టావని వాడికి మంట," అన్నాడు లాపో.

ఆయన పినతండ్రి కొడుకు బిందో అక్కడే ఉన్నాడు. "నేనైతే నీ తల చెక్కేవాణ్ణి అన్నయ్యా. పెదనాన్న జోలికెందుకు పోతాను?"

లాపో గోడమీది తన తల వైపు చూశాడు. "అదీ నిజమే."

గుంటలో కొత్త సున్నం మెత్తాను. అది ఆరేలోగా ముఖం వేసెయ్యాలి, ఆరిన సున్నం మీద రంగు నిలవదు. ముఖం చూసి వెయ్యాలంటే ముసలాయన ఎదురుగా కూర్చోవాలి. పిలుద్దామని వెళ్తే వాళ్లిద్దరూ నా వెంటే వచ్చారు.

ఆయన వంటింట్లో రొట్టె నానేసిన బీన్సు చారు తాగుతున్నాడు. గడ్డం తెల్లగా ఉంది. అదెప్పుడూ తెల్లనే. కాళ్ల దగ్గర ఆయన నల్లకుక్క పడుకుని ఉంది. అదీ తెల్లగానే ఉంది.

విశ్వాసానికి గుర్తుగా ఆ కుక్కను ఊరేగింపులో వేసింది నేనే. నన్ను చూసి లేచి ఒళ్లు దులుపుకుంది. వంటిల్లంతా సున్నప్పొడి.

"తాతగారూ, నా ఉలి ఎక్కడ పెట్టారు?" అన్నాను.

"నాన్నా, మెట్లు దిగాలంటే ఇద్దరు మోయాలి నిన్ను. పరంజా ఎలా ఎక్కావు?" అన్నాడు లాపో.

ముసలాయన చెంచా కింద పెట్టాడు.

"ప్రాణం మీదికొస్తే ఎక్కనా? నేనేరా చెక్కింది. నిన్న ఈ నూతోగాడు పాదిరిగారికి బొమ్మ వివరిస్తుంటే విన్నాను. ముగ్గురు రాజులంటే మూడు వయసులట. దారంటే ఆయుష్షట. దారి చివర గుహ. లోపల బాలుడున్నాడన్నాడు గానీ, నాకు చీకటే కనిపించింది. అందరికంటే ముందు నేను, అదీ మంచి హుషారైన గుర్రం మీద. రెండడుగులేస్తే చేరిపోతాను. వెనక్కి తిప్పమందామంటే సున్నం ఆరిపోయిందంటాడు. అందుకని నా తల నేనే దించుకున్నాను. నూతో, ఆ గుర్రం మీద బిందో ముఖం వెయ్యి, ముందుండాలని వాడికి ఎప్పట్నుంచో ఆశ. నన్ను వాడి గాడిద ఎక్కించు. అది గడ్డి కనిపించినచోటల్లా ఆగుతుంది."