పిన్ని సెలవు రోజు

ఆర్ట్ గ్యాలరీ గుమ్మం పక్కన 'ప్రవేశం ఉచితం' అని నా ఎత్తు అక్షరాలతో రాసుంది. దాని కిందే గార్డు మా పిన్నికి అడ్డం నిలబడ్డాడు.

"పనివాళ్ళు వెనక గుమ్మంలోంచి."

"ఇవాళ నాకు సెలవు. చూడ్డానికొచ్చాను."

"రోజూ చూస్తూనే ఉన్నావుగా."

"రోజూ నేను చూసేది నేల," అంది పిన్ని.

తొమ్మిదేళ్ళుగా ఆ గదులు తుడిచేది ఆవిడే. పొద్దున ఆరింటికి వెళ్ళి తొమ్మిదిన్నరకి బయటపడుతుంది. బొమ్మల మీది దీపాలు పదింటికి గానీ వెయ్యరు. మూడో గదిలో గోడంత బొమ్మ ఒకటుందట. ఆ మసకలో అందులో ఏముందో ఇన్నాళ్ళూ తెలియలేదట. రేపు దాన్ని దించి వేరే ఊరికి పంపేస్తున్నారు. అందుకే ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను తోడు తెచ్చుకుంది.

వెనక నిలబడ్డవాళ్ళు గొణగడంతో గార్డు పక్కకి జరిగాడు. కానీ మమ్మల్ని వదల్లేదు. ఏ గదికి వెళ్తే ఆ గదికి మా వెనకే బూట్ల చప్పుడు. పిన్ని చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నా, "తాకొద్దు" అని రెండుసార్లు అన్నాడు.

మూడో గదిలో గోడ నిండా నది. రేవులో ఆగిన పడవలోంచి ఆడవాళ్ళు గడ్డిమోపులు దింపుతున్నారు. పిన్ని ఇంకా కుదురుగా నిలబడనేలేదు, ఓ పెద్దమనిషి చేతిలో కాఫీ కప్పు జారి నేలంతా చిమ్మింది.

"పర్లేదు సార్," అన్నాడు గార్డు. పిన్నివైపు తిరిగి, "ఎలాగూ ఉన్నావుగా. ఓ గుడ్డ పట్టుకురా," అన్నాడు.

పిన్ని బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. "రేపు ఆరింటికొచ్చి తుడుస్తా."

"సూపర్‌వైజరుకి చెప్పమంటావా?"

"చెప్పు. నా సెలవు కాగితం మీద సంతకం ఆయనదే."

గదిలో వాళ్ళంతా బొమ్మలు మానేసి మమ్మల్నే చూస్తున్నారు. తలెత్తలేక నేను చేతిరుమాలు తీసి నేలమీదకి వంగాను. పిన్ని నా రెక్క పట్టుకుని లేపింది. గోళ్ళు దిగాయి.

"లే. నువ్వు తుడిస్తే నేను తుడిచినట్టే."

"మహారాణీ గారు," అంటూ గార్డు ఆవిడకీ బొమ్మకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. పిన్ని ఎడమకి జరిగితే తనూ జరిగాడు. ఇక ఆవిడ కదల్లేదు. అతని భుజం పక్కన కనిపించే కాస్త నదినే చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో ఓ ముసలావిడ కాలు జారి గోడ పట్టుకుంది. పెద్దమనిషి ఎప్పుడో జారుకున్నాడు. "ఈ గది ఎవరిది? నడుం విరిగితే ఎవడు జవాబు చెప్తాడు?" అని ఆవిడ గార్డుని నిలదీసింది.

గార్డు పిన్ని మొహంలో మొహం పెట్టి, "గుడ్డలెక్కడ పెడతావ్?" అన్నాడు.

"వెతుక్కో."

"రేపట్నించి ఇక్కడెలా పనిచేస్తావో నేనూ చూస్తా," అని విసవిసా వెళ్ళాడు.

పిన్ని బొమ్మ దగ్గరికి జరిగింది. ఒక్కొక్క మనిషినీ చూస్తూ పడవ చివరిదాకా వెళ్ళింది. చివరావిడ మోపు ఎత్తుకుని అటు తిరిగి ఉంది.

"దీనికి మొహం వెయ్యలేదు చూడు," అంది పిన్ని అక్కసుగా. "ఇంత గోడ పెట్టుకుని."