రెండు చందమామల పోటు

నగ్మా గీసిన లోకాన్ని చూసి జనం నవ్వారు.

తెనాలి బోసు రోడ్డులో, ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని వాళ్లు కంప్యూటర్ ఆట ఒకటి తయారుచేస్తున్నారు. వాళ్లంటే ముగ్గురే. వడ్లమూడిలో ఇంజనీరింగ్ కలిసి చదువుకున్నవాళ్లు. పెత్తనమూ ప్రోగ్రామింగూ రాజ్ కుమార్‌వి. కథ రాసేది బాపట్ల అమ్మాయి తేజస్వి. కొండలూ నదులూ ఊళ్లూ గీసేది నగ్మా. ఆ ఆటలోని లోకానికి నీలవర్తి అని పేరు పెట్టుకున్నారు. అక్కడ మాంత్రికులుంటారు, రెక్కల పాములుంటాయి, ఆకాశంలో తేలే దీవి ఒకటుంటుంది, చీకటి పడితే రెండు చందమామలు పొడుస్తాయి.

ఆట పూర్తికాకముందే, నలుగురిలో ఆశ పుట్టించాలని రాజ్ కుమార్ మ్యాపును ఇంటర్నెట్‌లో పెట్టాడు. రెండు రోజులు తిరక్కుండా ఎవరో దాని మీద వీడియో చేసేశారు. ‘ఈ నది చూడండి, ఒక చెరువులో పుట్టి రెండు సముద్రాల్లోకి పోతోంది. మధ్యలో కొండెక్కి దిగింది కూడా. ఇదిగో ఎడారి, దాన్ని ఆనుకునే చిత్తడి అడవి. వీళ్ల ఊళ్లో వాన కుళాయి తిప్పితే పడుతుందేమో!’ కింద నవ్వుతున్న బొమ్మలు బారులు తీరాయి.

“మంత్రాలున్న ఆటలో నది కొండెక్కితే ఏమైందంట? వదిలెయ్” అన్నాడు రాజ్ కుమార్.

నగ్మా వదల్లేకపోయింది. ఆ మనిషి మంత్రాన్ని చూసి నవ్వలేదు. రెక్కల పాముల జోలికే పోలేదు. తనకు తెలియక గీసిన గీతలను ఏరి ఏరి పట్టుకున్నాడు. అదే ఆమెను గుచ్చింది.

ఆమెకు ఫ్లోరెన్స్ టీచర్ గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో సోషల్ చెప్పేది. రంగు సుద్దలతో బోర్డు మీద నదులు గీస్తుంటే, గంట కొట్టినా పిల్లలు లేచేవాళ్లు కాదు. ఇప్పుడు రేపల్లెలో పనిచేస్తోందని తెలిసి, పాత స్నేహితురాలి దగ్గర నంబరు పుచ్చుకుని ఫోన్ చేసింది. “ఆదివారం చర్చి అయ్యాక రా. మీ దేశాన్ని కూడా పట్టుకురా” అంది టీచర్.

మ్యాపును పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, చుట్ట చుట్టి, నగ్మా రేపల్లె ప్యాసింజరెక్కింది. జంపని, వేమూరు దాటుతుంటే కిటికీలోంచి ఎటు చూసినా చదునుగా వరిచేలే. ఇంత చదునైన నేల మీద పెరిగినదాన్ని, నాకు కొండల గురించి ఎవరు చెబుతారులే అనుకుంది.

టీచర్‌కి యాభై ఏళ్లు దాటాయి. జుట్టు నెరిసింది కానీ గొంతు అదే గొంతు. చర్చికి కట్టుకున్న తెల్ల చీర మార్చుకోకుండానే కాగితాన్ని గచ్చు మీద పరిపించి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, పక్కనే కూర్చుంది. చాలాసేపు వంగి, వేలితో నదుల వెంట పోతూ చూసింది.

“గాలి ఎటునుంచి వీస్తుంది?” అని అడిగింది చివరికి.

“ఎక్కడండి?”

“మీ నీలవర్తిలో.”

నగ్మా కాగితం వైపు చూసింది. మూడేళ్లుగా గీస్తున్న లోకంలో గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“సరే, పడమటి నుంచి అనుకుందాం. సముద్రం మీద తడి పోగేసుకుని వచ్చి ఈ కొండలకి తగులుతుంది. పైకెక్కుతుంది, చల్లబడుతుంది, ఇటువైపే వానంతా కురిసేస్తుంది. కొండ దాటేసరికి గాల్లో ఏం మిగల్దు. అందుకని ఎడారి కొండకి అవతల ఉండాలి. నువ్వు అడవినీ ఎడారినీ ఒకే వైపు పెట్టావు.” ఆమె వేలు నది మీదికి జరిగింది. “నదులు కలుస్తాయి నగ్మా. పైనుంచి వస్తూ ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. చీలేది ఎప్పుడో తెలుసా? సముద్రం దగ్గరికొచ్చి, ఒండ్రు మొయ్యలేక, నేల చదునై, ఎటు పోవాలో తోచనప్పుడు. మన కృష్ణ చెయ్యట్లా?”

ఆకాశంలో తేలే దీవి దగ్గరికి వచ్చేసరికి నగ్మా ముందే సర్దుకుంది. “అది మంత్రమండి.”

“మంత్రమని చెప్పావుగా, ఇంక నేనడగను. చెప్పనిచోట మాత్రం నీళ్లు కిందికే పారాలి.”

నగ్మాకు నవ్వొచ్చింది. వీడియో చూసిన తర్వాత ఆమె మనసారా నవ్వడం అదే మొదలు.

భోజనాలయ్యాక టీచర్ ఆమెను ఆటోలో పెనుమూడి వంతెన మీదికి తీసుకెళ్లింది. కింద కృష్ణ వెడల్పుగా, బద్ధకంగా పోతోంది. నడుమ ఇసుక మేటలు, వాటి మీద గడ్డి. ఈ ఇసుక ఎక్కడెక్కడి కొండల నుంచి కొట్టుకొచ్చిందో, ఈ నేలంతా సముద్రాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టి నది ఎలా కట్టిందో టీచర్ చెబుతూంటే, నగ్మా వంతెన గోడ పట్టుకుని నిలబడి వింది. తను చదునని తీసిపారేసిన నేలకు ఇంత కథ ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ ఊపులో, ఆటలో తనకు బాగా ఇష్టమైన చోటు ఫోన్‌లో చూపించింది. ముత్తెపులంక. నది సముద్రంలో కలిసే చోట, నీళ్ల అంచున, అరవై ఇళ్ల పల్లె. ఆట మొదలయ్యేది అక్కడే. ఆడేవాళ్లది ఆ ఊరే. పల్లె పైన ఆకాశంలో రెండు చందమామలు.

టీచర్ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

“ఒక చంద్రుడుంటేనే ఇక్కడిదాకా పోటొస్తుంది. ఇద్దరుంటే? ఇద్దరూ ఒక వరసలోకి వచ్చిన రోజున సముద్రం ఎంత లేస్తుందో ఆలోచించావా? ఇంత చదును మీద దాన్ని ఆపేదేముంది? ఇక్కడ ఊరు పెట్టకు.”

“పడవల వాళ్లండి, నీళ్ల దగ్గరే కదా ఉండాలి.”

“మేమూ అలాగే అనుకున్నాం.” టీచర్ ఫోన్ తిరిగిచ్చింది. ఆ తర్వాత, పాఠం చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమెది నిజాంపట్నం వైపు ఒక పల్లె. డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. గాలి ముదిరాక ఇంటిల్లిపాదీ పాక వదిలి ఇసుక దిబ్బ మీదున్న చర్చి వైపు పరిగెత్తారు. దిబ్బ ఎక్కినవాళ్లు మిగిలారు. తమ్ముడు సామ్యేలు ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నీళ్లొచ్చాక లేడు. “తుఫాను వస్తుందని అంటూనే ఉన్నారు. సముద్రం లేచి ఇళ్ల మీదకొస్తుందని మాకెవరూ చెప్పలేదు” అంది. నగ్మా జరిగి ఆమె పక్కన నిలబడింది. “పడవలవాళ్లు ఊళ్లు ఎక్కడ కట్టుకుంటారో బాపట్ల వెళ్లి అక్కడి దిబ్బలు చూడు. పద, నీ రైలుకి టైమవుతోంది” అంది టీచర్. ఆ దిబ్బల సంగతి స్టేషన్ దాకా చెబుతూనే ఉంది.

మర్నాడు ఆఫీసులో గొడవైంది. నదులూ ఎడారీ మార్చడానికి రాజ్ కుమార్ సణుగుతూనే ఒప్పుకున్నాడు. పల్లె దగ్గర మాత్రం మొండికేశాడు. అరవై ఇళ్లూ కట్టేశారు, మళ్లీ మొదలెట్టాలా? “ఒక చందమామని తీసేద్దాం, పీడా పోతుంది” అన్నాడు. ఆట పేరులోనే రెండు చందమామలున్నాయని తేజస్వి గుర్తుచేసింది. పల్లెను కదిలించడానికి ఆమె అసలే ఒప్పుకోలేదు.

“వాకిట్లో అలలుండాలి నగ్మా. నేను మొదటి వాక్యం రాసిందే అలా. ఎక్కడో దూరంగా మెరకలో పెడితే అది పడవల వాళ్ల ఊరెలా అవుతుంది?”

“మీ బాపట్లలో ఎలా ఉంది?” అంది నగ్మా. “టీచర్ అక్కడికెళ్లి చూడమన్నారు. నువ్వే చూపించు.”

ఆ శనివారం ఇద్దరూ బాపట్ల వెళ్లి, తేజస్వి వాళ్ల నాన్న స్కూటరు తీసుకుని సముద్రం వైపు బయల్దేరారు. తేజస్వి చిన్నప్పటి నుంచీ తిరిగిన దారే. టీచర్ చెప్పింది తలుచుకుంటూ నగ్మా వెనక కూర్చుని చూసింది. దారి సన్నగా ఎక్కుతోంది, దిగుతోంది. ఎక్కినచోట ఇసుక, సరుగుడు తోటలు, జీడిమామిడి, ఇళ్లు. దిగినచోట నల్లగా తడి నేల, వరి. మళ్లీ ఇసుక, మళ్లీ ఇళ్లు. ఆ ఎత్తులన్నీ సముద్రపు ఒడ్డుకు సమాంతరంగా బారులు తీరి ఉన్నాయి.

“ఆపు” అంది నగ్మా. “ఈ దిబ్బ ఏంటో తెలుసా? ఒకప్పటి సముద్రపు ఒడ్డు. నది ఒండ్రు తెచ్చి పోసేకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది. జరిగినప్పుడల్లా ఒక దిబ్బ వదిలేసింది. మనుషులు వాటి మీద ఊళ్లు కట్టుకున్నారు.”

తేజస్వి స్కూటరు దిగి, రోడ్డు మధ్యలో నిలబడి, ముందుకీ వెనక్కీ చూసింది. “మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఒకటే వీధి. ఇంత పొడుగు. ఎందుకలా ఉందో ఎవర్నీ అడగలేదు నేను” అంది. ఆ తర్వాత ఒడ్డుకు వెళ్లారు. వలలు బాగుచేసుకునే పాకలు నీళ్లకు దగ్గరగా ఉన్నాయి. ఇళ్లు వెనక్కి, మెరక మీద ఉన్నాయి. అక్కడే, ఇసుకలో కూర్చుని, ఊరిని ఎందుకు జరపమన్నారో చెప్పే మాటల్లో నగ్మా టీచర్ తమ్ముడి సంగతి కూడా చెప్పేసింది. చెప్పాక, చెప్పి ఉండకూడదేమో అనిపించింది. తేజస్వి మాత్రం తిరుగు ప్రయాణంలో ఆ పిల్లాడి పేరేంటని మళ్లీ అడిగింది.

పల్లె కదిలింది. రాజ్ కుమార్ లెక్కేసి చూస్తే అనుకున్నంత పనేం కాలేదు. అవే ఇళ్లను దిబ్బ మీద ఒక్క వీధిగా పేర్చి, నీళ్ల దగ్గర కొన్ని పాకలు వేస్తే సరిపోయింది. పైగా, రెండు చందమామలు కలిసిన రోజు పోటు వచ్చి పాకల్ని ముంచెత్తితే ఆడేవాళ్లు దిబ్బకు పరిగెత్తాలన్న ఆలోచన అతనికి తెగ నచ్చేసింది. దాన్ని ఆట మొదట్లోనే పెట్టారు.

అది నడవడం మొదలయ్యాక నగ్మా ఫ్లోరెన్స్ టీచర్‌ను తెనాలి పిలిచింది. టీచర్ బొబ్బట్లు తెచ్చింది. రాజ్ కుమార్ ఆమెకు కుర్చీ వేసి, ఏ మీట నొక్కితే మనిషి నడుస్తాడో చూపించాడు. కథ మొదలుపెట్టకముందు లోకమంతా తిరిగి చూడనిచ్చాడు. ఆమె కొండల దగ్గర ఆగింది, వానవైపు అడవినీ అవతలి ఎడారినీ చూసి తలూపింది. నది వెంట దిగి, నగ్మా కొత్తగా గీసిన పాయల దగ్గర “బాగుందే!” అంది. ముత్తెపులంక చేరాక కథ మొదలైంది. ఆటలో ఆమె ఒక పడవవాడి కూతురు. పక్కన చిన్నపిల్లాడు, తమ్ముడు, వెంటవెంట నడుస్తున్నాడు.

తమ్ముణ్ని చూడగానే నగ్మా తెరకు దగ్గరగా జరిగింది. ఆ పిల్లాడు కిందటి వారం లేడు. తేజస్వి వైపు చూసింది. తేజస్వి తెర వైపే చూస్తోంది.

పోటొచ్చింది. టీచర్ చేతులు మీటల మీద తడబడ్డాయి. నీళ్లు పాకల్లోకి, మోకాళ్లదాకా, నడుముదాకా వచ్చాయి. ఆమె దిబ్బ ఎక్కింది. పిల్లాడి చెయ్యి ఆమె చేతిలో ఉంది, ఆ తర్వాత లేదు. తెర నల్లబడింది. ‘నీ తమ్ముణ్ని సముద్రం తీసుకుపోయింది’ అని అక్షరాలు వచ్చాయి.

టీచర్ మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఇది రాసిందెవరు?”

“నేనేనండి” అంది తేజస్వి. “నగ్మా చెబితే… మర్చిపోలేకపోయాను. తప్పైతే తీసేస్తానండి.”

“మిమ్మల్ని అడక్కుండా నేనే చెప్పాను టీచర్, క్షమించండి” అంది నగ్మా.

టీచర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి కానీ మాట వణకలేదు.

“నా సంగతి రాశావని కాదమ్మా. తప్పు రాశావు. మాకొచ్చింది ఉప్పెన. గాలి తోసుకొచ్చిన సముద్రం అది. ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఆ రోజుల్లో మావాళ్లకి తెలిసే దారి లేదు. మీ దాంట్లో వస్తున్నది పోటు. రెండు చందమామలు ఎప్పుడు కలుస్తాయో ఆకాశం చూసి లెక్కకట్టొచ్చు. వేలయేళ్లుగా ఆ లంకలో బతుకుతున్నవాళ్లకి అది తెలియదంటే నేను నమ్మను. వాళ్లు ముందురోజే పడవలు పైకి లాగుతారు, పిల్లల్ని దిబ్బెక్కిస్తారు. ముందే తెలిసినదానికి ఆ పిల్లాడు చావక్కర్లేదు.”

తేజస్వి పెన్నూ కాగితమూ అందుకుంది. “చెప్పేవాళ్లొకరు ఉండాలి ఊళ్లో” అంది నెమ్మదిగా. “చందమామల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. డప్పు కొడతాడు.”

“కొడుతుంది” అంది టీచర్. “ఆడమనిషిని పెట్టు.”

ఇంకో పది రోజుల పని అని చెప్పబోయిన రాజ్ కుమార్, నగ్మా మొహం చూసి మానుకున్నాడు. బొబ్బట్ల డబ్బా మూత తీశాడు.

పది రోజులు కాదు, నెల పట్టింది. డప్పు కొట్టే ముసలమ్మ వచ్చింది. పోటు రోజున ఊరంతా దిబ్బ మీద వంటలు చేసుకునేలా తేజస్వి రాసింది. దిబ్బ మీదినుంచి చూస్తే పాకల పైకప్పులు మాత్రం కనిపించేలా, నీళ్ల మీద రెండు వెన్నెలలు వేరువేరు రంగుల్లో పడేలా నగ్మా గీసింది. టీచర్ మళ్లీ వచ్చి ఆడింది. ఈసారి తడబడలేదు. డప్పు వినగానే తమ్ముడి చెయ్యి పట్టుకుని తిన్నగా దిబ్బెక్కేసింది.

పైకి చేరాక ముందుకు పోలేదు. అక్కణ్నుంచి కథ కొండల వైపు నడవాలి. ఆమె నడవలేదు. పిల్లాణ్ని పక్కన పెట్టుకుని, కింద నీళ్లను చూస్తూ ఉండిపోయింది.

“ఇక్కడే ఉంటే ఆట పాడవుతుందా?” అని అడిగింది.

“అవదండి” అన్నాడు రాజ్ కుమార్. “ఎంతసేపైనా ఉండొచ్చు.”

కాసేపటికి తెర మీద నీళ్లు తగ్గాయి. పాకలు తడిసి, ఒండ్రుతో బయటపడ్డాయి. పడవలవాళ్లు ఒక్కొక్కరే కిందికి దిగడం మొదలుపెట్టారు. పిల్లాడు కూడా ఆమెకంటే ముందే దిగబోయాడు.

“ఆగరా, బురదగా ఉంటుంది” అంది ఫ్లోరెన్స్ టీచర్, మీట నొక్కుతూ.