గోడ మీది ప్రథమ ఫలం

తొమ్మిదో ఫ్లాపీ డిస్కు కూడా ఖాళీగానే తేలింది.

ల్యాప్‌టాప్ తెర మీద నలభై గళ్ళున్నాయి. డిస్కులోని ఒక్కో వలయానికి ఒక్కో గడి. రాత దొరికితే పచ్చబడుతుంది, దొరక్కపోతే ఎర్రబడుతుంది. నలభైకి నలభై ఎర్రబడ్డాయి. ఫిన్నీ కుర్చీలోంచి లేచి, గదిలో నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడ దాసేవు మావా?"

"గుడి ఎనక గదిలో, బీరువాలో. తాళం పాస్టరుగారి దగ్గరుంటాది. అంతకన్నా జాగర్త ఎక్కడుంటాదిరా?" అన్నాడు జేమ్స్ మాస్టారు.

"ఆ బీరువాలో ఇంకేటున్నాయి?"

"ప్రభువు బల్ల గిన్నెలు, పాటల పుస్తకాలు, మైకుసెట్టు."

"హారన్లు కూడానా?"

"డిస్కుల పెట్టి మీదే పెట్టేరు. ఏటి, తప్పా?"

ఫిన్నీ నుదురు పట్టుకున్నాడు. హారను వెనక బలమైన అయస్కాంతం ఉంటుంది. డిస్కు మీద రాత కూడా అయస్కాంతపు రాతే. ఇరవై ఆరేళ్ళపాటు, ప్రతి ఆదివారం ఆ హారన్లు దించి మళ్ళీ పెట్టి మీద పెడుతూ, గుడివాళ్ళు ఆ రాతను శుభ్రంగా తుడిచేశారు.

ఎనభైల మధ్యలో స్కూలుకు ఒక కంప్యూటర్ వచ్చింది. అందులో తెలుగు లేదు. పిల్లలకు అక్షరాలు నేర్పే ప్రోగ్రాం జేమ్స్ మాస్టారు మూడేళ్ళు కూర్చుని రాశాడు. ఒక్కో అక్షరాన్నీ గళ్ళ కాగితం మీద చుక్కలుగా గీసింది ఆయన భార్య శాంతి. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆ కాగితాలు నిరుడు హుద్‌హుద్ తుఫానులో ఇంటి కప్పుతో పాటే పోయాయి. ఆమె చేతిరాత మిగిలి ఉంటే ఇక డిస్కులోనే ఉండాలి.

మేనల్లుడు ఫిన్నీ విశాఖలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో పాత డిస్కుల్లోని ప్రోగ్రాములు వెలికితీసి భద్రపరుస్తుంటాడు. డిస్కులు చదివే ఈ పాత డ్రైవు అతనిది కాదు, స్నేహితురాలు అరుణశ్రీది. సాయంత్రం కొత్తవలసలో రైలెక్కి ఆమె జయపురం వెళ్ళాలి. అక్కడో స్కూలువాళ్ళు రేపు తమ డిస్కులన్నీ పాతసామాన్ల వాడికి వేసేస్తున్నారు. అయిదింటికల్లా డ్రైవు ఆమె చేతిలో ఉండాలి.

"ఇంకో కాపీ నేదా? ఎవరికీ ఇవ్వనేదా?"

మాస్టారు ఖాళీ డిస్కులను పెట్టెలో సర్దాడు. "దేవుడికిచ్చేను."

"దేవుడి దగ్గర డ్రైవుండదు మావా."

"ఎటకారం ఆపి విను. కోతల పండక్కి అందరూ మొదటి పంట తెచ్చి గుళ్ళో పెడతారు కదా. గుమ్మడికాయలు, కోళ్ళు, పొందూరు నేతోళ్ళయితే మొదటి బట్టల తాను. మాకు పొలం నేదు. మీ అత్త మొదటి డిస్కు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టింది. ఆరాధన అయ్యేక వేలంలో పోయింది."

"ఎవరు పాడేరు?"

"జ్ఞానసుందరని, ఆస్పత్రిలో నర్సమ్మ. ఇప్పుడు సాలూరులో ఉన్నాది."

ఫోను చేస్తే ఎత్తలేదు. ఫిన్నీ అప్పటికే డ్రైవును తువ్వాల్లో చుడుతున్నాడు. టైము తొమ్మిదిన్నర.

విజయనగరం నుంచి సాలూరు దాకా మోటార్‌సైకిల్ మీద మాస్టారు సంచిని ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళోకి వచ్చాక రోడ్డుకి అటూ ఇటూ లారీలే. ఒక లారీ వెనక్కి తీస్తుంటే పావుగంట ఆగాల్సి వచ్చింది. ఫిన్నీ వాచీ చూసుకుంటూనే ఉన్నాడు.

"వందనాలు మాస్టారూ," అంది జ్ఞానసుందరి తలుపు తీసి. డెబ్భై దాటినా నిటారుగా ఉంది. "ఫోనైనా సెయ్యకండా వచ్చేరేటి?"

"ఎత్తితే కదమ్మా."

"సార్జింగులో ఉన్నాది."

ఫిన్నీ ఆమెను దాటి గోడ వైపు చూస్తున్నాడు. క్యాలెండరు పక్కన, అద్దం బిగించిన ఫ్రేములో, నల్లటి చదరపు డిస్కు. దాని మీది తెల్ల కాగితంపై గుండ్రటి అక్షరాలతో 'ప్రథమ ఫలం' అని రాసి ఉంది. మాస్టారు దగ్గరికి వెళ్ళి ఆ రాతను చూసి, వెంటనే తల తిప్పుకున్నాడు.

విషయం విన్నాక ఆమె ఫ్రేమును తనే దించింది. "ఆవేళ దీన్ని ఎవలూ పాడనేదు. ఇదేటో ఎవలికీ తెలీదు. ఒకడైతే తినీదేనా అన్నాడు. శాంతి ముందు వరసలో తలొంచేసుకున్నాది. గుమ్మడికాయకని తెచ్చుకున్న సొమ్ముతో నేనే పాడేసేను." అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "పాడవదు కదా?"

"పాడైపోవచ్చమ్మా," అన్నాడు ఫిన్నీ. అబద్ధం చెప్పే తీరిక లేదు.

ఒక మూల తేమ దిగి, డిస్కు అంచున తెల్లగా బూజు పట్టింది. అలాగే తిప్పితే చదివే ముల్లు రాతను గీకేస్తుంది. పై తొడుగు కోసి, లోపలి పల్చటి బిళ్ళను బయటికి తీసి, స్పిరిటుతో తుడిచి, మంచి తొడుగులోకి మార్చాలి. ఫిన్నీ తొడుగు కోశాడు. బిళ్ళ బయటికి తీస్తుంటే దాని అంచు తొడుగుకి తట్టుకుంది.

"ఇలాగియ్యి బాబూ. ముప్పై ఏళ్ళు ఆపరేసను గదిలో సేసేను. నువ్వు గుమ్మంలో నిలబడు, నీ ఊపిరి తగులుతన్నాది."

దూది ముంచి, లోపల్నుంచి బయటికి, ఒక్కో గీతగా తుడిచింది. ముప్పావుగంట. ఫిన్నీ గుమ్మంలో అటూ ఇటూ తిరిగాడు. ఫోను మోగింది.

"ఎక్కడున్నావు? రెండింటికి బయల్దేరకపోతే నాకు రైలు పోద్ది. ఆ డిస్కులు మళ్ళీ దొరకవు," అంది అరుణశ్రీ.

"సాలూరులో. వస్తన్నాను."

"సాలూరులో ఉండి వస్తన్నానంటే ఎలాగ?"

ఒకటింబావుకి డిస్కు డ్రైవులోకి వెళ్ళింది.

మొదటి గడి పచ్చబడింది. రెండోది పచ్చబడింది. మాస్టారు పైకి లెక్కపెడుతున్నాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. ఇరవై మూడు దగ్గర కీచుమని చప్పుడైంది. గడి ఎర్రబడింది. ఫిన్నీ చటుక్కున ఆపేశాడు. ముల్లు తుడిచాడు, జ్ఞానసుందరి బిళ్ళను మళ్ళీ తుడిచింది. మళ్ళీ పెట్టాడు. ఇరవై మూడు ఎర్రగానే ఉండిపోయింది.

"వదిలీరా. ముందుకెళ్ళు," అన్నాడు మాస్టారు.

ఇరవై నాలుగు పచ్చబడింది. అక్కడి నుంచి నలభై దాకా మరి ఆగలేదు.

ఫిన్నీ కాపీ ఒకటి పెన్‌డ్రైవులో వేసి జేబులో పెట్టుకున్నాడు. పాత కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాం తెరిచి, వెలికితీసింది అందులోకి ఎక్కించాడు. తెర నల్లబడింది. మధ్యలో ఒక తెల్ల చుక్క పుట్టింది.

దాని పక్కన ఇంకో చుక్క, ఆ పైన ఇంకొకటి. అక్షరం ఒక్కసారిగా రాలేదు. చెయ్యి రాస్తున్నట్టుగా వంపు తిరిగి, సున్నా చుట్టి, చివర తోకను కాస్త ఎక్కువగా పైకి లాగింది. అ.

"తోక సూడు. ఉత్తరాల్లోనూ అలాగే రాసీది," అంది జ్ఞానసుందరి.

తెర కదలడం లేదు. ఐదు సెకన్లు. పది. ఫిన్నీ వాచీ చూశాడు. రెండు అయిపోతోంది.

"బిగిసిపోనాది," అంటూ మీట మీదికి చెయ్యి పోనిచ్చాడు.

మాస్టారు అతని మణికట్టు పట్టుకున్నాడు. "ముట్టకు. పిల్లలు పలక మీద రాసుకోవద్దా? నేను పది లెక్కపెట్టీదాకా ఆపితే చాలన్నాను. నలభై ఆపమంది మీ అత్త. ఎనక బెంచీలో పిల్ల కూడా రాసుకునీదాకా."

అరుణశ్రీ మళ్ళీ ఫోను చేసింది. ఎవరూ కదల్లేదు. మాస్టారి చూపుడువేలు బల్ల మీద నెమ్మదిగా అ రాస్తోంది. తోక దగ్గరికి వచ్చేసరికి తెర మీద ఇంకో చుక్క పుట్టింది.

ఫిన్నీ డ్రైవు తీగ పీకి, తువ్వాలు చుట్టి, సంచిలో పెట్టాడు. ల్యాప్‌టాప్ జోలికి వెళ్ళలేదు.

"అది మర్చిపోనావురా," అన్నాడు మాస్టారు తల తిప్పకుండానే.

"రేపొచ్చి పట్టుకెళ్తాను మావా."

బండి స్టార్ట్ చేసి, ఒక్క క్షణం ఆగి, కిటికీలోంచి కేకేశాడు. "ఎందాకా వచ్చింది?"

"ఆ," అంది జ్ఞానసుందరి. "రాసుకుంటన్నాం. నువ్వెళ్ళు."