జవాబు సరిపోయింది

"పెన్సిల్‌తోనే రాయి. పెన్నుతో నేను దిద్దుకుంటాను" అన్నాడు మా ఆయన, చెప్పులు తొడుక్కుంటూ. "ఐదింటికి ప్రెస్ ఆయన వస్తాడు. నేనూ ఆలోగా వచ్చేస్తా. పెద్ద పనేం లేదు, పైపైన ఒకసారి చూసెయ్."

పైపైన అంటే నూట అరవై పేజీలు. మా ఆయన ట్యూషన్ సెంటర్ నడుపుతాడు. తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఆయన వేసే లెక్కల గైడుకి మంచి గిరాకీ. అందులో లెక్కలు చేసేది నేను. పెన్సిల్‌తో చేసిపెడితే ఆయన దాని మీద పెన్నుతో రాసుకుని, నా రాతని రబ్బరుతో చెరిపేస్తాడు. ఆ రబ్బరు పొడి ఊడ్చేదీ నేనే. ఒకప్పుడు నేనూ స్కూల్లో లెక్కలు చెప్పినదాన్నే. పాప పుట్టాక, "ఇద్దరూ లెక్కలే చేస్తూ కూర్చుంటే వంట ఎవరు చేస్తారే?" అన్నారు మా అత్తయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వారమే రాజీనామా కాగితం రాసిచ్చాను.

కుక్కర్ కింద మంట తగ్గించి ప్రూఫులు ముందేసుకున్నాను. ముందుమాట చివర "ఓపికగా టీలు అందించిన నా శ్రీమతికి" అని ఉంది. పోయిన ఏడాదీ అదే లైను. కనీసం కాఫీ అని మార్చినా బాగుండేది.

ఘాతాంకాల అధ్యాయంలో, నలభై రెండో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. "మాస్టారి షార్ట్‌కట్" అని చుట్టూ గీతలు కొట్టించి మరీ వేయించాడు. (x⁵ − 4x³)ని (x³ − 2x²)తో భాగించాలి. నేను రాసిచ్చింది ఇలా కాదు. పైన రెండింటిలోనూ ఉన్న x³ని, కింద రెండింటిలోనూ ఉన్న x²ని ముందు బయటికి తీయాలి. పైన మిగిలిన x² − 4ని (x − 2)(x + 2)గా విడగొట్టాలి. కింద కూడా x − 2 ఉంది కాబట్టి అప్పుడు, అప్పుడు మాత్రమే, కొట్టెయ్యాలి. మిగిలేది x(x + 2), అంటే x² + 2x. ఆయన అదంతా తీసేశాడు. మొదటిదాన్ని మొదటిదాంతో, రెండోదాన్ని రెండోదాంతో భాగించి, x² + 2x అని ఒక్క లైన్లో తేల్చేశాడు. జవాబు అదే వచ్చింది. పద్ధతి మాత్రం శుద్ధ తప్పు. ఈ ఒక్క లెక్కలో అదృష్టం కొద్దీ కుదిరిందంతే. ఆ మాట నెల కిందటే చెప్పాను. "జవాబు సరిపోయిందా లేదా? మరింకేంటి నీ గోల?" అన్నాడు. క్లాసులో చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారట. నేను ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు చాలా అనుభవం ఉంది.

మూడున్నరకి పాప స్కూల్ నుంచి వస్తూనే బ్యాగు సోఫాలోకి విసిరింది. అదీ తొమ్మిదో తరగతే. చేతిలో టెస్ట్ పేపరు. (x⁵ − 8x²)ని (x³ − 2x²)తో భాగించే లెక్కకి సున్నా. అది రాసిన జవాబు x² + 4.

"మా టీచర్‌కి ఏమీ రాదు. ఇది నాన్న షార్ట్‌కట్" అంది ఏడుపు గొంతుతో.

"ఏదీ, ఇలా ఇవ్వు."

"నీకర్థం కాదులేమ్మా. నాన్న వచ్చాక అడుగుతా."

ఆ మాట దానిది కాదని తెలుసు, ఈ ఇంట్లో విని విని వచ్చింది. అయినా మనసు చివుక్కుమంది. పేపరు లాక్కుని, "x బదులు మూడు పెట్టి చూడు" అన్నాను. విసుక్కుంటూనే చేసింది. పైన 171, కింద 9. భాగిస్తే పంతొమ్మిది. దాని జవాబులో మూడు పెడితే పదమూడే వచ్చింది. మొహం చిన్నబోయింది. పక్కనే నేను చేసి చూపించాను. పైనా కిందా x² బయటికి తీసి, పైన మిగిలిన x³ − 8ని విడగొడితే (x − 2)(x² + 2x + 4).

"x − 2 కొట్టేస్తే ఏం మిగిలింది? x² + 2x + 4. నీ దాంట్లో మధ్యలో ఉండాల్సిన 2x లేనే లేదు."

పాప నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "నీకు లెక్కలు వచ్చా అమ్మా?"

అది స్కూలుకి వెళ్లాక ఈ బల్ల దగ్గర కూర్చుంటాను, వచ్చేలోగా సర్దేస్తాను. దానికి కనిపించేది వాళ్ల నాన్న పెన్నురాతే. మా కాపురం గురించి ఎవరడిగినా జవాబు సరిపోతుంది. భోజనాలు వేళకి అవుతున్నాయి, పిల్ల చదువుకుంటోంది, గైడు అమ్ముడవుతోంది. మధ్యలో ఎవర్ని కొట్టేస్తే ఆ జవాబు వచ్చిందో ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు. ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కన్నా నా మీద ఎక్కువ. నేను నోరు మూసుకున్నందుకు నా కూతురు సున్నా తెచ్చుకుంది. ఆ చప్పట్లు కొట్టిన పిల్లలు ఇంకెన్ని తెచ్చుకున్నారో.

పెన్సిల్ పక్కన పెట్టి, పాపని పెన్ను అడిగాను. షార్ట్‌కట్‌ని అడ్డంగా కొట్టేసి, పక్క ఖాళీలో లెక్కంతా ఒక్కో మెట్టూ రాశాను. మిగతా పేజీలు కూడా పెన్నుతోనే దిద్దాను. చివరికి ముందుమాట తీసి, టీల లైను కొట్టేసి, "ఇందులోని లెక్కలు చేసినది" అని రాసి నా పేరు రాశాను. రాసి చాలా కాలమైందేమో, అక్షరాలు కాస్త వంకరపోయాయి. ప్రెస్ ఆయన ఐదింటికి వచ్చి, కాగితాలు తిరగేసి, "మేడమ్, ఇది కూడా వేసెయ్యమంటారా?" అన్నాడు. వేసెయ్యమన్నాను.

అతను మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది.

"లేటవుతోంది. ప్రెస్ ఆయన్ని కూర్చోబెట్టు. నేనొచ్చి పెన్నుతో రాసిస్తా."

"ఇచ్చి పంపేశానండీ."

"పెన్సిల్ రాతతోనా?"

"లేదు, పెన్నుతో."

"నీకేమైనా మతి పోయిందా? రేపు అందులో తప్పులుంటే మాటలు ఎవరు పడతారు?"

పాప పెన్ను పట్టుకుని నా వంకే చూస్తోంది.

"నేనే పడతాను" అన్నాను. "నా పేరు వేయించాను."