హోటల్ తల

దుప్పటి మూల సరిగ్గా మడవలేదు. ఆ పొద్దున దోబ్రినాకు వచ్చిన మొదటి కోపం అదే. ముక్కూ నోరూ కప్పేసిన ఆక్సిజన్ మాస్కులోంచి బుసలు కొడుతూ, పక్కకు ఒరిగి, ఒక చేత్తో పరుపు ఎత్తి పట్టుకుని రెండో చేత్తో దుప్పటి అంచును లోపలికి తోసింది. సగం తోసేసరికి దగ్గు ముంచుకొచ్చింది. పక్కటెముకలు పట్టుకుని దగ్గి, ఊపిరి కూడదీసుకుని, మిగతా సగం కూడా తోసింది. పెళ్ళయిన కొత్తలో సముద్రపు ఒడ్డు హోటల్లో గదులు సర్దే పనికి కుదిరి ఈ వయసు దాకా అదే పనిలో ఉన్న మనిషి. వదులుగా ఉన్న మూల కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

వెడల్పాటి అరచేతులు ఆమెవి. బ్లీచింగు నీళ్ళకు కణుపుల దగ్గర చర్మం ఎర్రగా పగిలి, మళ్ళీ మాని, మళ్ళీ పగిలి గరుకుతేలింది. రంగు వేసుకున్న జుట్టు, పాపిట దగ్గర మాత్రం తెలుపు బయటపడింది. బలమైన భుజాలు. ఆ భుజాలున్న మనిషి ఫ్లూ జ్వరానికి పడిపోతుందని ఎవరూ అనుకోలేదు. తోపుడుబండి నిండా తువ్వాళ్ళు వేసుకుని హోటల్ వసారాలో నడుస్తూ నడుస్తూ కూలబడింది. రెండు ఊపిరితిత్తులూ వాచాయన్నారు. ఆ జ్వరం కూడా ఏ గది దుప్పట్లోంచి అంటుకుందో!

అసలు బాధ మాత్రం మూలది కాదు, ఎడమ కాలిది. నిన్నటినుంచి పిక్క బిగుసుకుపోయి, లోపల నిప్పు పెట్టినట్టు కాలుతోంది. పాదం తనది కానంత బరువు.

"సూది వెయ్యకపోతే అంతేనే," అంది పక్క మంచం మీది కెరా మామ్మ, రొట్టెముక్క లిండెను పూల టీలో ముంచుకుంటూ. ముసలావిడకు జ్వరం తగ్గుముఖం పట్టింది, నోరు మాత్రం తగ్గలేదు. చొక్కా పైకెత్తి పొట్ట చూపించింది. బొడ్డు చుట్టూ నీలం మచ్చలు. "చూడు, నేరేడుపళ్ళు తిని తుడుచుకున్నట్టు లేదూ? ఈ జ్వరంలో మంచానికి అతుక్కుపోతే కాళ్ళల్లో నెత్తురు గడ్డకడుతుందట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయిందా, ఇంక మనం పోవడమేనట. అందుకే రోజూ పొడుస్తారు. నీకెందుకు పొడవట్లేదు?"

అదే దోబ్రినాకూ అర్థం కాలేదు. మొదట మంచాలు ఖాళీ లేక ఆసుపత్రి వసారాలో పడుకోబెట్టినప్పుడు వేశారు. ఈ గదికి మార్చాక మానేశారు. వసారావాళ్ళు గదివాళ్ళు వేస్తున్నారనుకున్నారు, గదివాళ్ళు వసారావాళ్ళు వేశారనుకున్నారు. అడిగితే నర్సు, "డాక్టరుగారు వచ్చినప్పుడు చెప్పండి పిన్నీ," అని వెళ్ళిపోయింది. సరే, డాక్టరు రానీ అనుకుంది. ఆ సూది పడాలి, ఈ కాలు ఎవరో ఒకరు చూడాలి. ఆ పూట ఆమెకు కావలసింది అంతకుమించి ఏమీ లేదు.

డాక్టరు వెలెవ్ వచ్చేసరికి కెరా మామ్మను ఎక్స్‌రేకి తీసుకుపోయారు. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడాయన. ఇస్త్రీ కోటు, శుభ్రమైన గోళ్ళు, పలచని సెంటు వాసన, మర్యాదైన చిరునవ్వు.

"ఎలా ఉన్నారమ్మా? నిన్నటికంటే నయమే కదా!"

దోబ్రినా మాస్కు తీయబోయింది.

"వద్దు వద్దు, అది తియ్యకండి. మాట్లాడొద్దు. తల ఊపండి చాలు. పొట్టమీద సూది రోజూ పడుతోందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మంచిది. కాళ్ళల్లో నొప్పేమైనా ఉందా?"

ఆమె తల పైకీ కిందికీ ఊపింది. తెలియకపోతే తెలియాలని మరోసారి గట్టిగా ఊపింది.

"భేష్! అలాగే పడుకుని విశ్రాంతి తీసుకోండి," అని డాక్టరు పక్క గదికి వెళ్ళిపోయాడు.

ఈ నేల మీద పుట్టినవాళ్ళకు ఔనంటే తల అడ్డంగా ఆడుతుంది, కాదంటే నిలువుగా. మాటలు రాకముందే వచ్చే భాష అది. దోబ్రినాకూ వచ్చింది. హోటల్లో చేరిన మొదటి వేసవిలో మేనేజరమ్మ ఆడవాళ్ళందరినీ వంటగది వెనక నిలబెట్టి ఆ భాష మాన్పించింది.

"వేడినీళ్ళొస్తాయా అని జర్మనీ ఆవిడ అడుగుతుంది. మీరు అడ్డంగా ఊపుతారు. రావనుకుని ఆవిడ నా పీక మీదికొస్తుంది. ఇకనుంచి గేటు లోపలున్నంతసేపు వాళ్ళు ఊపినట్టే మీరూ ఊపాలి. తెలిసిందా?"

అందరూ అడ్డంగా ఊపారు.

"ఇదిగో, ఇదే వద్దంటున్నది!"

దోబ్రినా నేర్చుకుంది. ఇస్త్రీ మడతలు నేర్చుకున్నట్టు, తువ్వాలును హంసలా మడవడం నేర్చుకున్నట్టు, తల తిప్పడం నేర్చుకుంది. మంచి బట్టలు కట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి మర్యాదగా ప్రశ్న అడిగితే చాలు, తల దానంతటదే అటు తిరిగేది. అక్టోబరులో హోటల్ మూసి ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు అదే వరస. సూపు ఇంకాస్త పొయ్యనా అని మొగుడు మించో అడిగితే ఔనన్నట్టు నిలువుగా ఊపేది. అతను గిన్నె మూత పెట్టేసేవాడు. "హోటల్ తల హోటల్లో వదిలిరావే. ఇంటి తల తగిలించుకో," అని నవ్వేవాడు. ఆమె గరిటె లాక్కుని తనే పోసుకునేది.

తర్వాత హోటల్ కొత్త యజమాని చేతిలో పడింది. అతను వేడినీటి కొలను కట్టించి ఏడాది పొడుగునా గేట్లు తెరిచిపెట్టాడు. అప్పటినుంచి దోబ్రినా తల ఇంటికి రావడమే మానేసింది. ఇంట్లో ఏదైనా నోటితోనే చెప్పేది గనుక మించోకు అది పట్టలేదు. నడుము ఇచ్చింది, చేతులు ఇచ్చింది, ఆదివారాలు ఇచ్చింది. అవన్నీ చాలక ఔననే పద్ధతి కూడా వాళ్ళకే ఇచ్చుకుంది. బదులుగా వాళ్ళేమిచ్చారయ్యా అంటే, ఆమె కూలబడ్డ రోజున ఆ తోపుడుబండిని వేరే మనిషికి ఇచ్చారు.

డాక్టరు విన్నాడని, నర్సు చేత సూది పంపిస్తాడని ఎదురుచూసింది. నేల తుడిచే మనిషి వచ్చింది. మధ్యాహ్నం కెరా మామ్మ ఎక్స్‌రే నుంచి తిరిగొచ్చింది, పలచని సూపు వచ్చింది. సూది రాలేదు.

ఫ్లూ రోజులు గనుక బయటివాళ్ళను లోపలికి రానివ్వడం లేదు. మించో రోజూ వచ్చి కిటికీ కింద పెరట్లో నిలబడతాడు. పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి, చేతుల మసి ఎంత తోమినా పోదు. ఊలు టోపీ కిందనుంచి చెవులు ఎర్రగా కనిపిస్తున్నాయి. కిందనుంచి అతను ఫోనులో మాట్లాడతాడు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని కిటికీలోంచి తలతో జవాబు చెబుతుంది.

"కోడి సూపు గేటు దగ్గర ఇచ్చానే. తాగు. పారబోశావంటే ఊరుకోను. డాక్టరొచ్చాడా? కాలు చూశాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

మించో మొహం విప్పారింది. "హమ్మయ్య! చూశాడు కదా. ఇంక నాకు బెంగ లేదు."

దోబ్రినా అతని మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. ఎందుకు నవ్వుతున్నాడు వీడు? చూడలేదని చెబుతుంటే! అప్పుడు తెలిసింది. వెంటనే తల నిలువుగా ఊపింది, మెడ నొప్పి పుట్టేదాకా ఊపింది.

"ఏంటే ఇది, ఇప్పుడే ఔనంటావు, ఇప్పుడే కాదంటావు? హోటల్ తలతో మాట్లాడుతున్నావా నాతో?"

ఆమెకు పొద్దున డాక్టరుకు చెప్పింది గుర్తుకొచ్చింది. సూది పడటం లేదని చెప్పాననుకుంది, పడుతోందని విన్నాడు. నొప్పి ఉందని చెప్పింది, లేదని విన్నాడు. మాస్కు గుంజి గడ్డం కిందికి లాక్కుని, "చూడలేదు మించో! ఎవరూ చూడలేదు!" అని ఫోనులో అరిచి, గంట నొక్కింది.

చాలాసేపటికి నర్సు వచ్చింది. ఆ అంతస్తు మొత్తానికి ఆ అమ్మాయి ఒక్కతే. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"పొద్దున తప్పు చెప్పానమ్మా. నాకు సూది పడట్లేదు. కాలు మండిపోతోంది."

"డాక్టరుగారితో నొప్పి లేదన్నారట కదా పిన్నీ?"

"అన్లేదే తల్లీ! తల ఊపమన్నాడు, ఊపాను. ఇప్పుడు నోటితో చెబుతున్నాను, విను!"

"అరవకండి, ఆయాసం వస్తుంది. ఆయన వెళ్ళిపోయారు. డ్యూటీ డాక్టరు కింద ఎమర్జెన్సీలో ఉన్నారు, అడిగొస్తాను."

"అడగడం తర్వాత. ముందు ఈ దుప్పటి ఎత్తి చూడు."

నర్సు చెయ్యి దుప్పటి దాకా వచ్చింది. ఇంతలో పక్క గదిలో ఎవరో పడిపోయిన చప్పుడు, కేకలు. "ఇప్పుడే వస్తా," అని పరిగెత్తింది. ఆ పిల్లను తిట్టి లాభం లేదు. అన్ని మంచాలకు ఒక్క మనిషిని పెట్టి, రాత్రి ఇళ్ళకు పోయి హాయిగా నిద్రపోయేవాళ్ళున్నారే, వాళ్ళను తిట్టాలి. వాళ్ళు ఏ వార్డులోనూ కనబడరు.

దోబ్రినా మళ్ళీ గంట నొక్కింది. ఎవరూ రాలేదు. హోటల్లో ఎవరైనా ఇంకో దిండు కావాలని గంట కొడితే మెట్లెక్కి పరిగెత్తింది తను. గ్లాసులో ఐసు కరిగిందంటే పరిగెత్తింది. ఇప్పుడు తను కొట్టిన గంటకు పలికే దిక్కు లేదు. మాస్కు తీసి దిండు మీద పడేసి కాళ్ళు కిందికి దించింది.

"ఎక్కడికే?" అంది కెరా మామ్మ.

"డాక్టర్ల గదికి. దుప్పటి ఎత్తడానికి వాళ్ళకు తీరిక లేదట. కాలే వాళ్ళ దగ్గరికి పోతుంది."

"పడతావే పిచ్చిదానా!"

"పడితే పడ్డానే మామ్మా. అప్పుడైనా చూస్తారు."

మంచం ఇనుపకమ్మీ పట్టుకుని నిలబడింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ మామ్మ మంచం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. గుండెల మీద చెయ్యి వేసుకుని, ఎవరో పిలిచినట్టు పక్కకు చూసింది.

"ఒక్క నిమిషం కూర్చుంటాను," అని మామ్మ పక్కన కూర్చుంది. తల ముసలావిడ భుజం మీద వాల్చింది. ఊపిరి తీసుకుంటోందనుకుని మామ్మ ఆమె వీపు నిమురుతూ ఉంది. కిటికీ అద్దం మీద ఎండ పలచబడింది. భుజం మీది బరువు పెరిగింది. మామ్మ నిమరడం ఆపి పేరు పెట్టి పిలిచింది. రెండోసారి పిలిచినప్పుడు ఆ పిలుపు వసారా చివరిదాకా వినబడింది. అప్పుడొచ్చారు, అందరూ ఒక్కసారే.

మర్నాడు పొద్దున మించోను లోపలికి రానిచ్చారు. చచ్చాక చూడటానికి ఫ్లూ అడ్డు రాదు కాబోలు. మెట్ల దగ్గర డాక్టరు వెలెవ్ ఎదురొచ్చాడు.

"కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందండీ. ఈ జ్వరంలో అది జరుగుతుంది. నేనే స్వయంగా అడిగాను. సూది పడుతోందన్నారు, నొప్పి లేదన్నారు."

"ఎలా చెప్పింది?"

"తల ఊపారు."

"ఎటు?"

డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి ఊపి చూపించాడు. సూదికి అడ్డంగా. నొప్పికి నిలువుగా, రెండుసార్లు.

మించో గోడకు చెయ్యి ఆనించాడు. "అది హోటల్ తలయ్యా. నా పెళ్ళాం నీకు సూది లేదని చెప్పింది. నొప్పుందని చెప్పింది. రెండుసార్లు చెప్పింది."

"నాకెలా తెలుస్తుంది చెప్పండి..."

"తల సంగతి నీకు తెలీదు, ఒప్పుకుంటా. చేతులున్నాయి కదా? దుప్పటి ఎత్తితే నీ చేతులు అరిగిపోతాయా? ఏం, ఆవిడ సర్దిన పక్క చెదిరిపోతుందని భయపడ్డావా?"

గొంతు పెద్దదయింది. వసారాలో తలుపులు తెరుచుకున్నాయి. డాక్టరు తల కదిపాడు. ఎటు కదిపాడో మించో చూడలేదు.

నర్సు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి, కళ్ళెత్తకుండా అతని చేతిలో పెట్టింది. మించో అక్కడే మెట్టు మీద కూర్చుని విప్పాడు. ఫోను, దువ్వెన, అడుగున దోబ్రినా తనకోసం అల్లుకున్న ఊలు మేజోళ్ళు. కుడికాలిది బాగానే ఉంది. ఎడమకాలిది, వాచిన పాదం నుంచి ఊడిరాక, పైనుంచి వేళ్ళ దాకా కత్తెరతో నిలువునా కోసి ఉంది.